పొగతోట మందుల షాపులో నా మొదటి ఉద్యోగం: ఐదుకి నాలుగు

ముందే చెప్పేస్తున్నా, ఇది మందులు కొనుక్కునేవాళ్ళ కోసం రాస్తున్న రివ్యూ కాదు. కౌంటరు లోపల నిలబడి మందులు తీసిచ్చే పని ఎక్కడైనా దొరుకుతుందా అని చూస్తున్న పిల్లల కోసం. అంటే ఇంటర్ అయిపోయి, ఇంట్లో ఖాళీగా ఉండి, అన్నానికి కూర్చున్నప్పుడల్లా "ఏదో ఒకటి చూసుకోకూడదా" అనిపించుకుంటున్నవాళ్ళ కోసం. పోయినేడాది వేసవిలో నేనూ అదే బాపతు. షాపు పేరు రాయడం లేదు, మంచీ చెడ్డా రెండూ రాస్తున్నా కదా, పైగా ఇంకా అక్కడే పని చేస్తున్నా. పొగతోటలో ఉంది, అంతవరకు చాలు. నెల్లూరోళ్ళకి పొగతోట గురించి చెప్పక్కర్లేదు. బయటూరి వాళ్ళకైతే, ఊళ్ళో డాక్టర్లంతా కూడబలుక్కుని ఒకేచోట కాపురం పెట్టినట్టుండే పేట అది. ఎముకలు, పిల్లలు, గుండె, చర్మం, బోర్డు మీద బోర్డు, వాటి మధ్యలో సందు దొరికిన చోటల్లా ఒక మందుల షాపు. కావలి నుంచి వచ్చినా ఆత్మకూరు నుంచి వచ్చినా చీటీ పట్టుకుని మా కౌంటరు ముందుకో పక్క కౌంటరు ముందుకో రావాల్సిందే.

మాది కోవూరు. నాయన రైసుమిల్లులో పని. 2025లో ఇంటర్ బైపీసీ పాసయ్యా, మార్కులు పర్వాలేదు, నీట్ మాత్రం మన వల్ల కాదని మొదటి పేపరు చూసినప్పుడే తెలిసిపోయింది. డి.ఫార్మసీ చేద్దామని ఉంది కానీ ఆ ఏడాది ఇంట్లో డబ్బుల్లేవు. ఒక ఏడాది పని చేసి కాస్త కూడబెట్టుకుని చేరదామని నేనూ అమ్మా అనుకున్నాం. నాయనకి నచ్చలేదు, వద్దని కూడా అనలేదు.

ఇక మొదటి తప్పు. ఒక కన్సల్టెన్సీకి పోయాను. పేరు వద్దు. ఏసీ రూము, కంప్యూటరు ముందు ఒకక్క, "హాస్పిటల్ ఫార్మసీలో ఫార్మసిస్ట్ పోస్టు గ్యారంటీ, రిజిస్ట్రేషన్ 1,500" అంది. కట్టాను. తర్వాత రెండు వారాలు "రేపు కాల్ వస్తుంది", ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. దీనికి రేటింగు సున్నా. సున్నా ఇవ్వడం కుదరదంటే ఆ ఏసీ చల్లగా ఉన్నందుకు ఒకటి వేసుకోండి. నాకు ఆ రోజే అనుమానం రావాల్సింది, ఎందుకంటే ఇంటర్ పాసైన పిల్లని ఫార్మసిస్ట్ పోస్టులో ఎవరూ కూర్చోబెట్టలేరు. ఫార్మసిస్ట్ అనిపించుకోవాలంటే కనీసం డి.ఫార్మసీ ఉండాలి, ఫార్మసీ కౌన్సిల్లో పేరు రిజిస్టరై ఉండాలి. 1948 నాటి ఫార్మసీ చట్టం నుంచీ ఉన్న సంగతే ఇది. చీటీ మీద ఇచ్చే మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ కళ్ళ ముందే బయటికి పోవాలి. మనలాంటివాళ్ళకి దొరికేవి వేరే పనులు: హెల్పరు, ర్యాకులు సర్దడం, బిల్లు కొట్టడం, ఏజెన్సీల నుంచి వచ్చిన సరుకు సరిచూడటం, డెలివరీ (స్కూటీ లైసెన్సుకి 18 నిండాలి కాబట్టి అందరికీ కుదరదు), హోల్‌సేల్ ఏజెన్సీల్లో ఆర్డర్లు ప్యాక్ చేయడం. మనుషులతో మాట్లాడాలంటే బెరుకున్న పిల్లలకి ఈ చివరిది నయం, రోజంతా అట్టపెట్టెలతోనే సరిపోతుంది. కాబట్టి ఎవరైనా ఇంటర్ పిల్లకి ఫార్మసిస్ట్ ఉద్యోగం ఇప్పిస్తామంటే పర్సు బ్యాగులో పెట్టేసి లేచి వచ్చేయండి.

రెండో తప్పు మూడు రోజులే సాగింది. ఊళ్ళోనే ఇంకోచోట ఒక చిన్న షాపు, తెలిసినవాళ్ళు చెప్తే చేరాను. మూడు నెలలు ట్రైనింగంట, జీతం ఉండదంట, సరేలే నేర్చుకుందాం అనుకున్నా. మొదటి రోజే టెన్త్ ఒరిజినల్ మెమో తెచ్చివ్వమన్నారు, "మధ్యలో మానేయకుండా" అని. అమ్మ ఒప్పుకోలేదు, జెరాక్సే ఇచ్చి పంపింది, ఆ విషయంలో మా అమ్మకి దండం పెట్టాలి. గోడకి ఫార్మసిస్ట్ సర్టిఫికెట్ అద్దం కట్టించి పెట్టారు, అందులో ఫొటో కూడా ఉంది. ఆ ఫొటోలో మనిషిని ఆ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా చూడలేదు. సర్టిఫికెట్ మాత్రమే అక్కడ ఉద్యోగం చేస్తుందన్నమాట, నెలకింత అని అద్దె. మూడో రోజు సాయంత్రం ఒకాయన చీటీ లేకుండా వచ్చి నిద్రమాత్రలు అడిగితే ఓనరు నాకు ర్యాకు చూపించి "ఒక స్ట్రిప్ ఇచ్చేయ్ పాపా" అన్నాడు. నాకప్పటికి వాటి గురించి పెద్దగా తెలీదు, కానీ అడిగినాయన నా ముఖం చూడకుండా రోడ్డు వైపు చూస్తున్నాడు, అది చూసి భయమేసింది. మర్నాడు పోలేదు. తర్వాత తెలిసింది, ఆల్ప్రజోలం లాంటివి షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన జాబితాలో ఉన్న మందులు, 2014 నుంచి వాటికి వేరే రిజిస్టరు పెట్టాలి, రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో ఎక్కించాలి, ఆ రిజిస్టరు మూడేళ్ళు దాచాలి అని. ఆ షాపుకి ఎన్ని స్టార్లో మీరే అనుకోండి.

ఇప్పుడు అసలు షాపు ఎలా దొరికిందో చెప్తా. అందరూ నన్ను అడిగేది ఇదే.

ఎవరి ద్వారానూ కాదు, నడిచి. జూన్ చివర్లో, ఎండకి చున్నీ కప్పుకుని, పొగతోటలో ఒక చివర మొదలుపెట్టి ప్రతి షాపూ ఎక్కి అడిగా. మొదటి రోజు పదకొండు గంటలకి పోయాను, అది శుద్ధ తెలివితక్కువ పని. ఆ టైములో డాక్టర్ల దగ్గర ఓపీ జోరుమీద ఉంటుంది, కౌంటరు ముందు చేతులన్నీ చీటీలతో ఊగుతుంటాయి, అప్పుడు పోయి "అంకుల్ జాబ్ ఏమైనా ఉందా" అంటే "లేదమ్మా, పక్కకి జరుగు" అనే అంటారు. తొమ్మిది షాపుల్లో అదే మాట. పదో షాపు దగ్గర ఏజెన్సీ సరుకు దించుతున్న అన్న ఒకడు పాపమనిపించి చెప్పాడు, "మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు మధ్యలో రా చెల్లెమ్మా, అప్పుడు అందరూ ఖాళీగా ఉండి పేపరు చదువుకుంటా ఉంటారు." ఎవరి దగ్గర కుర్రాడు మానేశాడో, ఎవరికి మనిషి కావాలో కూడా ఆయనకే తెలుసు. రోజూ అన్ని షాపులూ తిరిగేది ఆ ఏజెన్సీ కుర్రాళ్ళూ మెడికల్ రెప్పులే కదా. కన్సల్టెన్సీకి 1,500 పోసిన దానికి అక్కడ ఫోనెత్తే దిక్కులేదు, ఈయన ఒక్క గ్లాసు మంచినీళ్ళు కూడా అడక్కుండా మూడు షాపులు చెప్పాడు.

మర్నాడు మూడింటికి పోయాను. అడిగే తీరు కూడా మార్చాను. జాబుందా అని కాకుండా, "సార్, బైపీసీ పాసయ్యాను, కోవూరు నుంచి వస్తాను, సరుకు సర్దడం బిల్లు కొట్టడం నేర్చుకుంటాను, ఒక ఏడాది ఖచ్చితంగా ఉంటాను, తర్వాత డి.ఫార్మసీ చేయాలని ఉంది" అని ఒక్క గుక్కలో చెప్పేశా. ఆ "ఒక ఏడాది" అన్న మాటే పని చేసిందని సారు తర్వాత చెప్పారు. నేర్పి నేర్పి చేతికొచ్చే టైముకి పిల్లలు మానేస్తున్నారంట. పెద్ద చెయిన్ షాపులవాళ్ళని కూడా ఒకచోట అడిగాను, 18 నిండాక రమ్మన్నారు, మర్యాదగానే చెప్పారు. నాకప్పుడు పదిహేడున్నర.

ఇంటర్వ్యూ అంటూ ఏమీ లేదు కానీ పరీక్ష మాత్రం పెట్టారు. ఒక అట్టపెట్టె నిండా కలగాపులగం స్ట్రిప్పులు నా ముందు పెట్టి, పేర్లు ఇంగ్లిష్ అక్షరాల వరసలో పేర్చి, ఆరు నెలల్లో ఎక్స్‌పైరీ అయ్యేవి పక్కకి తీయమన్నారు. ఆ అచ్చు ఎంత సన్నగా ఉంటుందంటే కొన్నింటి మీద వెలుతురుకి అటూ ఇటూ తిప్పితే తప్ప కనిపించదు. తర్వాత నోటి లెక్క: పదిహేను మాత్రల స్ట్రిప్ 127 రూపాయల 50 పైసలు, పది ఇస్తే ఎంత. కాస్త తడబడి 85 అని చెప్పా. "రేపు తొమ్మిదింటికి రా పాపా" అన్నారు. ఒరిజినల్స్ అడగలేదు, ఆధార్ జెరాక్సు, పదో తరగతి మార్కుల జెరాక్సు, నాయన ఫోన్ నంబరు, అంతే. నాయనని ఒకసారి వచ్చి షాపు చూసుకుని పొమ్మన్నారు కూడా. నాయన వచ్చి అయిదు నిమిషాలు కూర్చుని టీ తాగి, ఏమీ మాట్లాడకుండా పోయి, ఇంట్లో అమ్మతో "లోపల ఒక ఆడ మనిషి కూడా ఉంది" అన్నాడంట. అదే పర్మిషన్.

ఆ ఆడ మనిషి మా ఫార్మసిస్ట్ మేడమ్. బి.ఫార్మసీ. ఈ షాపుకి నేను నాలుగు స్టార్లు ఇస్తున్నానంటే అందులో రెండు ఆమెకే. సర్టిఫికెట్ గోడ మీద ఉంది, సర్టిఫికెట్ గల మనిషి కింద కుర్చీలో ఉంది. మీరు ఏ షాపులో చేరాలనుకున్నా ముందు ఇది చూసుకోండి, జీతం తర్వాత. లోపల ఫార్మసిస్ట్ లేకపోతే మన చేత్తో ఇచ్చిన ప్రతి తప్పు మందూ మన నెత్తినే పడుతుంది, అడిగి తెలుసుకుందామన్నా మనిషి ఉండదు.

పని ఎలా ఉంటుందంటే, మొదటి నెల నన్ను కౌంటరు మీదికే రానివ్వలేదు. పొద్దున్నే ఊడ్చి, దేవుడి పటానికి పూలు పెట్టి, ఫ్రిజ్‌లో థర్మామీటరు చూసి పుస్తకంలో రాయాలి. ఇన్సులిన్లు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యలోనే ఉండాలి, ఫ్రీజర్‌లో మాత్రం ఛస్తే పెట్టకూడదు, గడ్డకట్టిందంటే ఇక పారేయడమే. తర్వాత ఏజెన్సీల సరుకు వస్తుంది, బిల్లు పట్టుకుని బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఎమ్మార్పీ ఒక్కొక్కటీ సరిచూడాలి, పదికి ఒకటి ఫ్రీ అని స్కీము రాసుంటే ఆ ఒకటి నిజంగా వచ్చిందా లేదా చూడాలి (ఎక్కువసార్లు రాదు, అడిగితే వస్తుంది). ర్యాకులో ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందుకి, కొత్తది వెనక్కి. మా సీనియరన్న ఉన్నాడు, పన్నెండేళ్ళుగా ఇక్కడే, మందు పేరు సగం చెప్పేలోపు చెయ్యి ర్యాకులో ఉంటుంది. ఆయన నేర్పిన మొదటి విద్య స్ట్రిప్ కత్తిరించడం. నవ్వకండి. నాలుగు మాత్రలు కావాలంటే ఎక్స్‌పైరీ, బ్యాచ్ అచ్చేసిన కొస వైపు నుంచి కత్తిరించకూడదు, అది చివరిదాకా మన దగ్గర మిగలాలి. లేకపోతే మిగిలిన ముక్క ఎప్పటిదో ఎవరికీ తెలీదు, తిరిగి ఏజెన్సీకి పంపడానికీ పనికిరాదు. నేను మొదటి వారంలో అట్టా తల లేని మొండేలు ఏడు చేసి పెట్టాను, మేడమ్ వాటిని ఒక కవర్లో వేసి నా కళ్ళకెదురుగా వేలాడదీసింది.

అయిపోయిన మందులు రాసుకునే షార్ట్ బుక్కు నాకు భలే ఇష్టం. సాయంత్రం అది చదివి ఏజెన్సీలకి ఫోన్ చేస్తారు. ఆ పుస్తకం చూస్తే ఊరికి ఏ జబ్బు పట్టుకుందో తెలిసిపోతుంది. రొట్టెల పండగ రోజుల్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, కాళ్ళ నొప్పుల ఆయింట్‌మెంట్లు రోజూ అందులో ఉండేవి, బారాషహీద్ దర్గాకి వచ్చిన జనం స్వర్ణాల చెరువు దగ్గర్నుంచి ఇక్కడిదాకా ఉన్నట్టే అనిపించింది. అప్పటికి నేను చేరి పది రోజులు కూడా కాలేదు, ఆ అయిదు రోజుల్లో నడుములు పడిపోయాయి.

రెండో నెలలో బిల్లింగు, మూడో నెల నుంచి చీటీ చూసి మందు తీసి మేడమ్ ముందు పెట్టడం. ఇవ్వడం కాదు, ముందు పెట్టడం. ఈ తేడా నాకు ఆగస్టులో ఒక రోజు బాగా అర్థమైంది. కోవూరు పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన, మా ఊరివాళ్ళే అన్న సంబరంలో మాటల్లో పడ్డా, చీటీలో గ్లైకోమెట్ జీపీ 1 ఉంటే జీపీ 2 తీసిపెట్టా. చూడటానికి డబ్బాలు అన్నదమ్ముల్లా ఉంటాయి, ఆ చివరి అంకె ఒక్కటే తేడా. దానర్థం లోపల గ్లిమెపిరైడ్ ఒక మిల్లీగ్రామా రెండా అని, అంటే షుగరు దించే మందు రెట్టింపు. పెద్దాయన రోజుకి రెండు పూటలా అది మింగి, మధ్యాహ్నం అన్నం ఆలస్యమైతే పొలం గట్టు మీదే కళ్ళు తిరిగి పడిపోయేవాడు. మేడమ్ స్ట్రిప్ చేతిలోకి తీసుకుని, చీటీ చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా నా చేతికే తిరిగిచ్చింది. "మళ్ళీ చదువు" అంది. చదివాను. చెవులు వేడెక్కిపోయాయి. పెద్దాయనకి ఏమీ తెలీదు, "మా ఊరి పిల్ల, బంగారు తల్లి" అని పొగుడుతూనే ఉన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నా, ఇట్టాంటి కవల పేర్లన్నీ అందులో రాసుకుంటా. టెల్మా 40, టెల్మా ఏఎం, టెల్మా హెచ్, మూడూ బీపీకే, మూడూ వేరు. షుగరుకి వాడే మామూలు మెట్‌ఫార్మిన్ వేరు, పేరు చివర ఎస్ఆర్ అని ఉంటే వేరు, అది నిదానంగా కరిగేది, విరిచి వేసుకోకూడదు. ఇప్పటికి నూట ముప్పై జతలయ్యాయి. మీరు చేరితే మొదటి రోజే ఈ పుస్తకం పెట్టుకోండి, తప్పు చేసేదాకా ఆగొద్దు.

ఇంకో మాట, "జ్వరానికి ఏదైనా ఇవ్వు పాపా" అనేవాళ్ళు రోజుకి ఇరవై మంది వస్తారు. మనకి నోటిదాకా వస్తుంది పేరు, నాలుగు నెలలు నిలబడితే సగం డాక్టరైపోయినట్టే ఉంటుంది. చెప్పకూడదు. "మేడమ్‌ని అడగండి" అనే రెండు ముక్కలు బాగా అలవాటు చేసుకోవాలి. కొందరు తిడతారు, పక్క షాపుకి పోతామంటారు, పోనివ్వండి.

ఆడపిల్లలు ఈ పనికి వస్తారా అని మా పిన్నమ్మ దగ్గర్నుంచి అందరూ అడిగారు. నేను చేరిన తర్వాత తెలిసింది ఆడపిల్ల ఉండటం ఎంత అవసరమో. అన్న కౌంటరులో ఉంటే ప్యాడ్లు కావాల్సిన పిల్లలు బిస్కెట్లు కొనుక్కుని వెళ్ళిపోతారు, నిజంగా. నేనుంటే పక్కకి వచ్చి చెవిలో చెప్తారు. ప్రెగ్నెన్సీ కిట్ అడగాల్సి వచ్చి ఒకామె మూడుసార్లు షాపు ముందునుంచి నడిచి పోవడం నేనే చూశా, నాలుగోసారి నేనే బయటికి పోయి "ఏం కావాలక్కా" అన్నా. ఎందుకో గానీ ప్యాడ్లకి నల్ల కవరు, పేపరు చుట్టడం మాత్రం ఇంకా పోలేదు, దొంగ సరుకులాగా. నేను మామూలు కవర్లో పెట్టిస్తే సగం మంది తిరిగిచ్చి నల్లదే అడుగుతున్నారు. అబ్బాయిలు కండోమ్ అడగడానికి నన్ను చూసి వెనక్కి తగ్గుతారు, అప్పుడు నేను ఏదో సర్దుతున్నట్టు లోపలికి పోతా, అన్న చూసుకుంటాడు. ఇట్టాంటివి ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

టైము, జీతం. చేరినప్పుడు 7,500, మూడు నెలల తర్వాత 9,000. తొమ్మిదింటికి పోవాలి. 18 నిండేదాకా నన్ను సాయంత్రం ఏడుకల్లా పంపించేసేవారు, ఆ వయసు లోపు వాళ్ళని ఏడు తర్వాత పనిలో ఉంచకూడదని చట్టంలోనే ఉంది. నేను అడగలేదు, సారే చెప్పారు. షాపుల్లో ఈ మాట ఓనరు నోటి నుంచే వచ్చిందంటే ఆ షాపు మంచిదని లెక్క వేసుకోవచ్చు. నవంబరులో 18 నిండాయి, అప్పట్నుంచి ఎనిమిదిన్నర అవుతోంది. బస్సు ఖర్చు మొదట్లో గట్టిగానే తగిలేది, ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది కాబట్టి ఆధార్ కార్డు చూపించి ఎక్కడమే. పెన్నా వంతెన దాటేటప్పుడు కిటికీ సీటు దొరికితే ఆ రోజుకి అదే బోనస్. దొరకదు లెండి, ఫ్రీ కదా.

సెప్టెంబరు 22 గుర్తుండిపోయింది. ఆ రోజు నుంచి మందుల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, కొన్నింటికి పూర్తిగా తీసేశారు. స్ట్రిప్ మీదేమో పాత ధర అచ్చేసి ఉంది, బిల్లు కొత్త ధరకి కొట్టాలి. వంద రూపాయల మందుకి ఆరుంపావలా తగ్గుతుంది అంటే జనం వింటారా, టీవీలో ఏడు శాతం అన్నారు కదా ఏడు తగ్గించండి అని ఒకాయన ముక్కాలు గంట వాదించాడు. పన్ను ధరలో కలిసే ఉంటుంది, 112కి ఉన్నది 105కి వస్తుంది, దాన్ని వందలోకి మారిస్తే ఆరుంపావలానే అని కాగితం మీద వేసి చూపించా. ఆయన రిటైరైన లెక్కల మాస్టారంట! లెక్క సరిచూసి, మరి ముందే చెప్పొచ్చు కదా అని వెళ్ళిపోయాడు.

అక్టోబరు మాత్రం నవ్వే నెల కాదు. మధ్యప్రదేశ్‌లో దగ్గు సిరప్ తాగిన చిన్న పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారని వార్త వచ్చిన రోజు, మేడమ్ షాపులో ఉన్న దగ్గు మందులన్నీ కింద పరిపించింది. ఒక్కొక్క సీసా తిప్పి కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు నేను చదువుతుంటే ఆమె రాసుకుంది. ఆ సిరప్ మా దగ్గర లేదు. అయినా రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు మందు అడిగినవాళ్ళందరికీ ఆమె ఇవ్వనని చెప్పి డాక్టరు దగ్గరికే పంపింది. జూన్‌లో బ్యాచ్ నంబర్లు సరిచూడమంటే ఈ చాకిరీ ఏందిరా నాయనా అనుకున్నదాన్ని, ఆ రోజు ఒక్క అంకె కూడా వదలకుండా చదివా.

ఇక ఒక స్టారు ఎందుకు కోశానంటే. ఒకటి, సెలవు. చేరేటప్పుడు వారానికి ఒక రోజు అన్నారు, జరిగేది ఆదివారం సగం రోజు, పూర్తి సెలవు నెలకి రెండే. అడిగితే "చూద్దాం పాపా" అంటారు, ఆ చూద్దాం ఇప్పటికి తొమ్మిది నెలల నాటిది. చేరే ముందే సెలవు సంగతి కాగితం మీద కాకపోయినా కనీసం నలుగురి ముందు మాట్లాడుకోండి. రెండు, డిసెంబరులో గల్లాపెట్టెలో 680 తక్కువ వచ్చిందని నాకూ డెలివరీ అబ్బాయికీ చెరి 340 కోశారు, గల్లాపెట్టెలో చెయ్యి పెట్టేది అయిదుగురు. అప్పట్నుంచి నా షిఫ్టు మొదట్లో ఒకసారి చివర్లో ఒకసారి లెక్కపెట్టి పుస్తకంలో రాసి అన్న చేత సంతకం పెట్టిస్తున్నా, మళ్ళీ కోయలేదు. మూడు, స్టూలు. షాపులో ఉన్నవి రెండే కుర్చీలు, ఒకటి సారుది, ఒకటి మేడమ్‌ది. మేం ముగ్గురం పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే. మొదటి నెల రాత్రి ఇంటికి పోయి ఉప్పు వేసిన వేడి నీళ్ళ బకెట్‌లో కాళ్ళు పెట్టుకుని అన్నం తినేదాన్ని, అమ్మ చూసి మాట్లాడకుండా లోపలికి పోయేది. మొదటి జీతంలో ఇంట్లోవాళ్ళకి ఏం కొన్నావని అందరూ అడిగారు, నేను కొన్నది మెత్తటి అడుగున్న చెప్పులు, నాకే. పని వెతుక్కునే పిల్లలూ, ఇంటర్వ్యూకి కొత్త డ్రస్సు కంటే ఇవి ముందు కొనుక్కోండి.

ఈ ఏడాది డి.ఫార్మసీకి అప్లై చేస్తున్నా. రెండేళ్ళు కాలేజీ, ఆ తర్వాత 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్. ఇప్పుడు నేను చేస్తున్న ఈ పని ఆ గంటల్లో కలవదు, కొందరు కలుస్తుందనుకుంటున్నారు, ఆ ఆశతో మాత్రం చేరకండి. ఇప్పుడు కలిసొచ్చేది ఏందంటే, క్లాసులో మందు పేరు చెప్పగానే దాని డబ్బా రంగుతో సహా మనకి కనిపిస్తుంది. మేడమ్ తన పాత పుస్తకాలు ఇస్తానంది, అవి బి.ఫార్మసీవి, నాకు బరువెక్కువ, అయినా తెచ్చుకుంటా. నేను మానేశాక నా చోటుకి మనిషి కావాలి. సారు ఇప్పటినుంచే అడుగుతున్నారు, బైపీసీ పిల్లలెవరైనా ఉన్నారా అని. పొగతోటకి మధ్యాహ్నం మూడింటికి రండి, ప్రతి షాపూ ఎక్కండి, లోపల కుర్చీలో మేడమ్ ఉండి, కౌంటరు మీద తల లేని స్ట్రిప్పుల కవరు వేలాడుతుంటే అదే మా షాపు.

ఇదంతా రాసి రెండు రోజులు ఫోన్‌లోనే ఉంచా, పెట్టనా వద్దా అని. నిన్న పొద్దున పోయేసరికి కౌంటరు వెనక ఒక కొత్త ప్లాస్టిక్ స్టూలు ఉంది. ఎర్రది. సారు ఏమీ చెప్పలేదు, మేమూ అడగలేదు. నాలుగుని నాలుగున్నర చేద్దామా అనుకున్నా గానీ, స్టూలు ఒకటే, మేం ముగ్గురం, రోజంతా దాని మీద అన్న టిఫిన్ క్యారియరే కూర్చుంది.